సమాధులు చెప్పని లెక్క



అద్దంకి పేరెత్తగానే పండరంగని శాసనము తలపునకు వచ్చును. క్రీ.శ. 848 నాటిదని చెప్పబడు ఆ శిలపై, గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు 12 బోయకొట్టములను గెలిచిన సంగతి తరువోజలో చెక్కబడినది. ఆ పద్యమునకై పండితులు దానిని వేనోళ్ల పొగడుదురు. గెలిచినవాని పేరు నిలిచినది. ఇరుపక్షముల కూలినవారెందరో ఆ శిల చెప్పదు.

ఈ లోటు తీర్చుటకు ఇరువదవ శతాబ్దమున ఒక పూనిక జరిగినది. బ్రిటిషు సామ్రాజ్య సేనలలో మరణించిన ప్రతివానికిని, హోదాతో నిమిత్తము లేక, సమాధియో శిలపై పేరో ఉండవలెనని 1917లో యుద్ధసమాధుల సంఘము ఏర్పడెను. ఆ సంఘపు దప్తరములను పట్టి, ఒక రంగమున మరణించిన సైనికుల సంఖ్యను కట్టవచ్చునని పలువురు తలంతురు. రాళ్లను లెక్కించిన చాలదా యని తోచును. చాలదు.

చెన్నపట్టణమును చూడుడు. నందంబాక్కమునందలి యుద్ధసమాధుల తోటలో రెండవ ప్రపంచయుద్ధమునాటి సమాధులు 856 కలవు. ఆ యుద్ధమున చెన్నపట్టణపు నేలపై పోరే జరుగలేదు. దక్షిణ, ప్రాచ్య భారతములందలి అనేక శ్మశానములనుండి ఆ సమాధులను తెచ్చి అచ్చట చేర్చిరి. పాత శ్మశానపు పుస్తకమును, క్రొత్త తోట పుస్తకమును కూడినవాడు ఒకే మనిషిని రెండుమార్లు చంపినవాడగును. పైగా 1947 డిసెంబరు 31 వరకు మరణించిన సైనికులు ఆ లెక్కలో చేరుదురు. కాల్పులు ఆగిన రెండేండ్లకు జ్వరముతో పోయినవాడును అందే ఉండును.

రంగూను చెంత టౌక్యాన్‌లో చిక్కు ఇంకను ముదిరినది. అచ్చటి యుద్ధసమాధులు 6,374. అందు 867 ఎవరివో తెలియవు. ప్రక్కనే స్తంభములపై, సమాధి తెలియనివారి పేర్లు సుమారు 27,000 కలవు. ఈ రెండు సంఖ్యలను కూడరాదు. మిరపబస్తాల చీట్లు కొన్ని ఊడిపోయినవనుకొనుడు. చీటి లేని బస్తాలను, బస్తా దొరకని చీట్లను వేరువేరుగా లెక్కించి కూడినచో సరకు పెరిగినట్లు కనబడును గాని, పెరుగదు. పేరులేని దేహము సమాధిలో, దేహములేని పేరు స్తంభముపై. రెండును ఒకే బిడ్డవి కావచ్చును. కావున 867ను తీసివేసి, పిమ్మట కూడవలెను. అప్పటికిని లెక్క తీరదు, ఏలయన దహనము చేయబడిన వేయిమందికి పైగా సైనికుల పేర్లు అచ్చట మరియొక ఫలకముపై కలవు.

సమాధుల లెక్క భారతీయులకు మరింత అన్యాయము చేయునది ఇచ్చటనే. 1944లో ఘోరయుద్ధము జరిగిన కోహిమాలో సమాధులు 1,420. దహనమైన హిందూ, సిక్కు సైనికుల పేర్లు 917. సమాధులనే లెక్కించువానికి ప్రతి పదిమందిలో నలుగురు కనబడరు. బర్మా రంగమున బాటలు, వంతెనలు వేసిన మదరాసు సాపర్ల దళములలో తెలుగువారును ఉండిరి. చితాభస్మము ఏటిలో కలిసినవానికి రాతిపై చెక్కిన పేరే ఆధారము.

ఆ పేరైనను అందరికి దక్కలేదు. మొదటి యుద్ధమున ఇరాకులో మరణించిన సామాన్య భారతీయ సైనికులకు బస్రా స్మారకముపై తొలుత సంఖ్య మాత్రమే వేసిరి; పేర్లు చెక్కలేదు. ఆఫ్రికా, ఆసియాలలోని సైనికులు, మోతకూలీలు కనీసము 1,16,000 మందికి పేరుతో స్మరణ దక్కలేదని సమాధుల సంఘపు నివేదికయే 2021లో ఒప్పుకొన్నది.

సైనికులు కాని తెలుగువారి గతి వేరు. 1942-43లో సయాం, బర్మాల నడుమ జపానువారు వేయించిన రైలుదారికై మలయా రబ్బరు తోటల తమిళులను, తెలుగువారిని తరలించిరి. ఆ దారిలో యుద్ధఖైదీలు సుమారు 13,000 మంది మరణించిరని లెక్క. వారికి మూడు సమాధి తోటలు వెలసినవి. కూలీలు 80,000 నుండి 1,00,000 వరకు మరణించిరని అంచనా. ఆ రెండు అంచనాల నడుమ తేడాయే 20,000. ఖైదీలలో మరణించినవారి మొత్తముకంటె అది ఎక్కువ.