సంఘం షాట్
(యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



"సంఘ చరిత్రను ఫిలిం తీయాలనుకొంటున్నాము, మంచి పాత గుడి ఏదైనా చెప్పండి" అని మీలో కొందరు నన్ను అడిగారు. మెదక్ పేరు చెబుతాననుకొన్నారేమో. పోస్నెట్ దొరగారు కరువు రోజులలో ప్రజలకు కూలి, కూడు దొరికేలా కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కెతీడ్రల్ తప్పక చూడవలసినదే. దానిని ఎందరో తీశారు, ఇంకా తీస్తారు. అది ఎక్కడికీ పోదు. పోయేది వేరే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములో మన గుళ్ళకు అంత వయస్సు లేదు. రేకుల షెడ్డులోనో, ఒకరి వరండాలోనో మొదలైనవే చాలా ఉన్నాయి. కాని ఆదివారము బల్లల మీద కూర్చున్నవారిని చూడండి. విజయవాడ రోడ్డు పట్టుకొని ఎన్ని ఊళ్ళు ఇక్కడికి వచ్చాయి! ఒక బల్ల మీద గుంటూరు లూథరన్ ఇంటివారు. ఆ ఊరికి హయ్యర్ దొరగారు 1842లో వచ్చారు. ప్రక్కన ఒంగోలు బాప్టిస్టులు. వారి తాతముత్తాతలలో, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మము పొందిన 2,222 మందిలోనివారు ఉండవచ్చు, ఎవరు అడిగారు? వెనుక బల్లలో అజరయ్య బిషప్ గారి దోర్నకల్ వారు. మన గుడి పునాది రాయి మీద ఇవేవీ చెక్కలేదు. ఎనభై ఏళ్ళవారి నోట ఉన్నాయి, అంతే.

ఎలా తీయాలి అన్నదానికి జహీరాబాదు దగ్గర పస్తాపూర్ వెళ్ళి నేర్చుకోవచ్చు. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు, బడి మొగము చూడనివారు సైతము, వీడియో కెమెరా పట్టారు. 2001లో వారిదే కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. కెమెరా చూపులకు వారే పేర్లు పెట్టుకొన్నారు. మీద నుండి క్రిందికి చూపితే పటేల్ షాట్, దొర ఊరిని చూచే చూపు. క్రింద నుండి పైకి చూపితే బానిస చూపు. కంటికి కన్ను సమానముగా పెట్టితే సంఘం షాట్, ఎందుకంటే వారి మహిళా సంఘములో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. మన సంఘములో అలా కూర్చుంటున్నామా అన్న మాట ఇప్పుడు వద్దులెండి, టీ వేళ దాటిపోతుంది.

క్రిందటి వేసవిలో కొందరు పిల్లలతో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన కుర్చీలో, మా కుర్రవాడు నేల మీద, ఫోను చేతిలో. ఫ్యాను ఆపించాము, లేకపోతే మాట వినబడదు. తాతగారిని ఊరి బావి దగ్గరికి రానివ్వని సంగతి, మిషను బడిలో మొదటి పలక పట్టిన సంగతి చెబుతూ ఉన్నట్టుండి ఆగి, "అది ఆపు నాయనా" అన్నారు. మనుమడి కాగితాలు గుర్తుకు వచ్చాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు గుర్తింపు లేదు. ఇక్కడ బి.సి.-సి లో చేర్చారు. ఒక్క మాట బయటికి పోతే ఆ ఇంటివారికి ఏమౌతుందో ఫిలిం తీసేవాడికి తెలియదు. మావాడు ఫోను ప్రక్కన పెట్టాడు గాని ఆపలేదు. మంచి భాగము పోతుందని వాడి బాధ. బయటికి వచ్చాక విషయము తెలిసి మళ్ళీ లోపలికి తీసుకువెళ్ళాను. ఆయన ఎదుటే తుడిచివేయించాను. ఆ రోజు వాడు నాతో మాట్లాడలేదు.

చివరకు మా ఫిలింలో ఆయన ముఖము లేదు. పాత బైబిలు అట్ట మీద చేతులు, ఆ పలక సంగతి చెప్పే గొంతు, అంతే. గుడి గోడ మీద వేసినప్పుడు ఆయన మూడవ బల్లలో కూర్చొని చూశారు. లేచి వెళ్ళేటప్పుడు ఆ కుర్రవాడి భుజము పట్టుకొని, "ఇంకోసారి రా. ముఖము తీసుకో. ఊరి పేరు మాత్రము వద్దు" అన్నారు.