బోర్డర్ షుగరు, పెద్దవాళ్ల నడక: పరిశోధనలో ఎదురయ్యే చిక్కులు
(నందివాడ మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. అందరూ అలసిపోయి ఉన్నారు, సూటిగానే చెబుతాను.

“షుగర్ లేదమ్మా, బోర్డర్‌లో ఉంది” అంటే మనవాళ్లు హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేస్తారు. పరగడుపున 100 నుంచి 125, లేదా 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 ఉంటే అదే ఆ బోర్డర్. డాక్టర్లు ప్రీడయాబెటిస్ అంటారు. గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో 30 ఏళ్లు దాటినవారికి పరీక్షలు చేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 13 మందికి షుగరుంది, అందులో సగం మందికి ఆ సంగతే తెలియదు. ఇంకో 15 మంది బోర్డర్‌లో ఉన్నారు. మనదీ అలాంటి డెల్టాయే, మూడుపూటలా తెల్లన్నమే.

నడిస్తే లాభం ఉందా? ఉంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం బోర్డర్‌లో ఉన్న 531 మందిని మూడేళ్లు చూసింది. మామూలుగా వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నడక, తిండి మార్పు చెప్పి వెంటబడినవారిలో 39 మందికే వచ్చింది. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద పరిశోధనలో అయితే అందరికంటే ఎక్కువ మేలు 60 దాటినవాళ్లకే జరిగింది. ముప్పు 71 శాతం తగ్గింది. కానీ చెన్నైవాళ్లు 35 నుంచి 55 ఏళ్లవారినే తీసుకున్నారు. తర్వాత కేరళలో జరిగినదీ 60తో ఆగింది. అంటే మన అత్తగార్ల వయసువారికి, ఈ ఎండలో, ఈ మోకాళ్లతో ఎలాంటి సలహా పనిచేస్తుందో అమెరికా లెక్క చూసి ఊహించుకోవాల్సిందే. అందుకే ఇలాంటి పరిశోధన మనలాంటి చోట జరగాలంటాను. జరపడం మాత్రం తేలిక కాదండీ.

ముందు, మామ్మగారు ఒప్పుకోవాలి. “నాకు రోగమే లేదుగా, పొద్దస్తమానం పనేగా, మళ్లీ వ్యాయామమేంటి?” అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది. ఒప్పుకున్నా నడిచేదెక్కడ? చేపల చెరువు గట్టు మీద మేత లారీలు, కుక్కలు. నల్లరేగడిలో వాన పడితే కాలు దిగిపోతుంది. మే నెలలో ఏడింటికే ఎండ మండిపోతుంది. పడి తుంటి విరిగితే ఎవరు చూస్తారు? బీపీ, గుండె, మోకాళ్లు చూడకుండా నడవమనడం తప్పు. షుగరు వచ్చిందీ రానిదీ తేలాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు ఆవిడ హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినట్టు ముంచితే నడక సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇవన్నీ బయటివాళ్లు కూడా చెప్పగలరు. మనం మాత్రమే చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. మన సంఘానికి బలమైన అలవాట్లే ఇక్కడ అడ్డొస్తాయి.

లోను కాగితం మీద ఒకరు సంతకం పెడితే పదిమందీ పెడతాం. పరిశోధన కాగితం అలా కాదు. ఎవరికి వారు విని, ఇష్టమైతేనే పెట్టాలి. మధ్యలో మానేసినా అడగకూడదు. లీడరు చెప్పిందనో, వద్దంటే లోను ఆగుతుందనో పెట్టిన సంతకం చెల్లదు.

ఇంకోటి, పోల్చి చూడటానికి సగం మందికి వెంటబడి సలహా ఇవ్వరు. ఎవరెటువైపో చీటీలు వేసినట్టు తేలుస్తారు. ఒకే వీధిలో ఒకావిడకి చెప్పి ఇంకొకావిడకి చెప్పకపోతే ఆగుతుందా? సాయంత్రానికి ఇద్దరూ కలిసే నడుస్తారు! మంచిదే గాని, తేడా తెలియదు. అందుకే కేరళలో నెయ్యాటింకర తాలూకాలో మనుషులకు కాకుండా 60 పోలింగ్ బూత్‌ల పరిధులకు చీటీ వేశారు. రెండోవైపు వాళ్లకూ సలహా పుస్తకం ఇచ్చారు. 1,007 మందితో రెండేళ్లు నడిపితే చివరికి షుగరు వచ్చింది ఒకవైపు నూటికి 15, ఇంకోవైపు 17. గట్టిగా చెప్పగలిగినంత తేడా కాదు. ఆ మాటే దాచకుండా ప్రచురించారు. నాకు బాగా నచ్చింది అదే.

మన హాజరు పుస్తకంలో రానివారికీ టిక్కు పడుతుందేమో మీకే తెలుసు, నేనడగను. కానీ ఈ పుస్తకంలో “ఈ వారం నడవలేదు” అన్నది కూడా విలువైన లెక్కే. అడుగులు లెక్కపెట్టే మిషన్ నడుముకి కట్టినా అంతే. మామ్మ మంచం మీద పడుకుని ఉంటే, మనవడు దాన్ని పెట్టుకుని ఊరంతా పరిగెత్తినా అంకె పెరుగుతుంది.

రేపు ఎవరైనా మన మండలానికి ఇలాంటి పని మీద వస్తే గబుక్కున తీర్మానం రాసేయకండి. ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనండి. కాగితం తెలుగులో చదివించుకోండి, ఆవిడ ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకునే గడువు అడగండి. పరీక్షలో అసలు షుగరే బయటపడితే ఆ మామ్మని ఏ ఆసుపత్రికి పంపుతారో, మందులు ఎవరిస్తారో ముందే రాయించుకోండి.