మంచం మీది మనిషిని అడిగారా?



మన ఫిజియోథెరపిస్టుల సభకు "వృత్తిలో నీతి" అని కరపత్రంలో వేశారు. ఆ మాట వింటే సగం మందికి ఆవులింతలొస్తాయని నాకూ తెలుసు. పుస్తకంలో నాలుగు సూత్రాలుంటాయి: రోగి ఇష్టాన్ని మన్నించు, మేలు చెయ్యి, కీడు చెయ్యకు, అందరి పట్లా న్యాయంగా ఉండు. పరీక్ష రాయడానికి అవి చాలు. పలమనేరులో చాలవు. ఇక్కడ చిక్కు ఒకటో తారీఖున పింఛనుతో పాటు ఇంటికొస్తుంది.

2024 జూలై నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతం వల్లో, ప్రమాదం వల్లో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైపోయిన వాళ్ళకు 15,000. 2025లో ప్రభుత్వం ఈ పింఛన్లను మళ్ళీ తనిఖీ చేయించింది. 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకే డాక్టర్ల బృందాలు వెళ్ళాయి.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. గంగవరం మండలంలో ఒక పల్లె. మొగిలి ఘాట్‌లో బండి బోల్తా పడి నడుం కింద పట్టు తప్పిన మనిషి. భార్య రెండు ఆవుల పాలు డెయిరీకి పోసి సంసారం ఈదుతోంది. మీరు నెలల తరబడి వెళ్ళారు. ఒకనాటికి ఆయన వాకర్ పట్టుకుని లేచి, గడప దాకా వచ్చాడు. మీ సంతోషానికి హద్దు లేదు. బయట చెప్పులేసుకుంటుంటే ఆమె వెనకే వచ్చి మెల్లగా అంటుంది: "సార్, మీకు పుణ్యముంటాది. నడస్తా ఉండాడని ఎవురికీ చెప్పొద్దండి. కాయితంలో గూడా రాయొద్దండి."

మీ వైద్యం ఫలించినందుకు ఆ ఇంటికి నెలకు 9,000 రూపాయలు పోయే ప్రమాదం వచ్చింది. టమోటా ధర పడిపోయిన నెలలో ఆ ఇంట్లోకి వచ్చే నికరమైన డబ్బు పింఛనొక్కటే. ఆమెను దొంగలా చూసేవాడికి ఈ వృత్తి తగదు.

అలాగని ఏం చేస్తారు? రెండు సులువైన దారులున్నాయి. రెండూ తప్పే. ఒకటి, "ఏ మార్పూ లేదు" అని రాసెయ్యడం. రేపు ఆయన కాలికి ఇంకేదైనా జరిగితే ఆ కాగితం చూసి చికిత్స చేసే డాక్టరు మోసపోతాడు. మన రాతకు విలువ పోయిందంటే, నిజంగా కదలలేని పక్కింటి మనిషి కాగితానికీ విలువ పోయినట్టే. రెండోది, సచివాలయం నుంచి ఎవరో ఫోన్ చేసి "ఏం సామీ, ఆయన నడుస్తున్నాడంట కదా?" అంటే గొప్పగా అవునని చెప్పడం. రోగి సంగతి ఆయన అనుమతి లేకుండా బయటపెట్టే హక్కు మనకు లేదు. మనం కూలిపోయిన కండరాన్ని లేపడానికి వెళ్ళాం, వేగు చూడటానికి కాదు. అధికారికంగా కావాలంటే రాతపూర్వకంగా అడగనివ్వండి. రోగికి చెప్పి, కొలిచింది కొలిచినట్టు ఇవ్వండి.

కొలవడంలోనే మన నిజాయతీ ఉంది. "నడుస్తున్నాడు" అని రాస్తే సగం అబద్ధం. ఏ ఊతంతో, ఎవరు పట్టుకుంటే, ఎంత దూరం, ఎంతసేపటికి ఆయాసం వచ్చింది, మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్ళగలడా లేదా, ఇవన్నీ రాయండి. వైకల్యం ఎంత శాతమో తేల్చేది మనం కాదు, ప్రభుత్వ వైద్యులు. వాకర్‌తో గడప దాకా వచ్చినంత మాత్రాన పింఛనుకు కావాల్సిన 40 శాతం కిందికి పడిపోతాడని ఆ ఇల్లాలు భయపడుతుంటే, సంగతి విడమరిచి చెప్పండి. కానీ 15,000 అలాగే ఉంటుందని మాత్రం మాటివ్వకండి.

ఇంత జరిగినా ఒక మనిషిని ఎవరూ అడగలేదు, గమనించారా? ఆమె అడిగింది, మనం ఆలోచించాం, సచివాలయం ఆరా తీసింది. వాకర్ పట్టుకున్న మనిషి ఏమంటున్నాడు? ఒంటరిగా మరుగుదొడ్డికి వెళ్ళగలిగితే ఆ 9,000 పోయినా ఫరవాలేదంటాడేమో. కూతురి చదువు అయ్యేదాకా ఇలాగే ఉంటానంటాడేమో. ఉండిపోతానన్నా అది ఆయన నిర్ణయం. చికిత్స ఆపమని అడిగే హక్కు ఆయనకుంది, అబద్ధం రాయమని అడిగే హక్కు లేదు. మన చిక్కుల్లో సగం పైగా, మంచం చుట్టూ నిలబడిన వాళ్ళతో మాట్లాడి మంచం మీది మనిషితో మాట్లాడకపోవడం వల్ల వచ్చినవే.

ఒక సంగతి ప్రభుత్వానికి కూడా చెప్పాలి. 15,000 నుంచి 6,000కి ఒక్కసారిగా పడేసే ఏర్పాటు, లేవబోయే మనిషిని పడుకోమంటుంది. కొంత కోలుకున్న వాళ్ళకు కొన్నాళ్ళపాటు పాత మొత్తమే ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గించవచ్చు. ఇది అడగాల్సింది ఆ ఇల్లాలు కాదు, మనం.

బ్రిటన్‌లో మన వృత్తి సంఘం పుట్టిందే నీతి ప్రశ్నలోంచి. 1894లో లండన్‌లో మసాజ్ పేరుతో నడిచే వ్యభిచార గృహాల మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. ఆ మచ్చ తమకు అంటకూడదని నలుగురు నర్సులు సంఘం పెట్టుకున్నారు. అదే నేటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీకి మూలం. వాళ్ళ తొలి నియమాల్లో కొన్ని ఇప్పుడు నవ్వు తెప్పిస్తాయి, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మగవాళ్ళకు మర్దన చెయ్యకూడదని ఒకటుంది. కానీ ఒంటి మీద చెయ్యి వేసే పనికి నమ్మకమే పెట్టుబడి అని వాళ్ళకు ముందే తెలుసు. మన దగ్గర నడుంనొప్పితో వచ్చిన కోడలికి బదులు అత్త మాట్లాడుతుంది, "చూడండి సార్, ఏం కాదు" అంటుంది. అత్త ఒప్పుకుంటే కోడలు ఒప్పుకున్నట్టు కాదు. ఎక్కడ ముట్టుకోబోతున్నారో, ఎందుకో ఆమెకే చెప్పండి. తెలుగు రాకపోతే తమిళంలో, కన్నడంలో, ఉర్దూలో చెప్పించండి. ఈ ఊళ్ళో ఆ నాలుగూ వచ్చినవాళ్ళు దొరక్కపోరు. ఆమె వద్దంటే అక్కడితో ఆపండి. సరైన సమ్మతి అంటే రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదేనని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక కరెంటు చికిత్స. "సార్, రెండ్రోజులు కరెంటు పెట్టండి, సరిపోతాది" అని వస్తారు. మెషిన్ పెడితే మనకు శ్రమ తక్కువ, వాళ్ళకు తృప్తి ఎక్కువ. వ్యాయామం నేర్పితే "దీనికా దుడ్లు?" అంటారు. అయినా నేర్పాల్సింది వ్యాయామమే. అవసరం లేని కరెంటుకు, అవసరం లేని పది సిట్టింగుల ప్యాకేజీకి దుడ్లు తీసుకోవడం అమ్మకం కిందికొస్తుంది, వైద్యం కిందికి రాదు. కేసు పంపినందుకు వాటా అడిగే డాక్టర్లున్నారు, ఇచ్చే ఫిజియోలూ ఉన్నారు. ఆ వాటా ఎవరి జేబులోంచి వస్తుందో ఇక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి దీని గురించి ఎక్కువ మాట్లాడను.

నాటువైద్యం సంగతి అంత తేలిక కాదు. విరిగితే పుత్తూరు కట్టు, పక్షవాతమొస్తే విరూపాక్షపురం మందు. ఇవి మన జిల్లాల జనం నోట్లో ఉన్న పేర్లు. కర్ణాటక, తమిళనాడు నుంచి కూడా వస్తారు. వెక్కిరిస్తే రోగి మనకు చెప్పకుండా వెళ్తాడు, అంతే తేడా. వెళ్ళే ముందు చెప్పాల్సింది చెప్పండి. పక్షవాతంలో ఎక్కువ కోలుకునేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో, ఆ రోజులు తిరిగి రావు. బీపీ మాత్రలు ఆపకూడదు. మోచేయి దెబ్బకు గట్టిగా మర్దన చేస్తే కండలో ఎముక పేరుకుని చెయ్యి బిగుసుకుపోవచ్చు. కట్టిన చోట వేళ్ళు నీలమైతే, తిమ్మిరెక్కితే ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి. ఇంత చెప్పాక కూడా వెళ్తానంటే, తిరిగొచ్చిన రోజు తలుపు తీసి ఉంచండి.

అన్నిటికంటే బరువైన ప్రశ్న: "మా నాయన మళ్ళీ నడస్తాడా?" ఆశ చంపకూడదని అబద్ధం చెప్పేవాళ్ళను చూస్తుంటాం. ఘాట్ దిగి చిత్తూరు దాటితే వేలూరు. అక్కడ సీఎంసీలో మేరీ వర్గీస్ అని ఒక డాక్టరుండేది. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత ఆస్ట్రేలియాలో, న్యూయార్క్‌లో శిక్షణ పొంది వచ్చి పునరావాస విభాగాన్ని నిలబెట్టింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం తెరుచుకుంది. నడవలేనని తెలిశాకే ఆమె అసలు పని మొదలైంది. "నడవకపోవచ్చు, కానీ ఇవి చెయ్యగలడు" అని చెప్పడం ఆశను చంపడం కాదు. ఆ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పి లేచిపోవడమే క్రూరత్వం.

ఫిజియోథెరపిస్టులు పేరు ముందు "డాక్టర్" అని పెట్టుకోవడం గురించి కూడా మాట్లాడమన్నారు. 2025 సెప్టెంబరు 9న ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ కార్యాలయం వద్దంటూ లేఖ రాసింది, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఎటు తేలినా నా అభిప్రాయం ఒకటే: బోర్డు మీద ఫిజియోథెరపిస్టు అన్న మాట అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. పల్లె నుంచి వచ్చినవాడు తను ఎవరి దగ్గరికి వచ్చాడో తెలుసుకుని లోపలికి రావాలి.

అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద వచ్చిన 2021 చట్టం మనల్ని జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. క్రమశిక్షణ నియమాలు వాళ్ళు చూసుకుంటారు. కానీ మధ్యాహ్నం రెండింటికి పల్లెలో గడప ముందు నిలబడినప్పుడు కమిషన్ ఉండదు. పలమనేరులో, పుంగనూరులో, కుప్పంలో ఒక్కొక్కరం ఒక్కో గదిలో, అడిగేందుకు పక్కన మనిషి లేకుండా పని చేస్తున్నాం. నెలకోసారి ఒకచోట కూర్చుందాం. రోగి పేరు, ఊరు చెప్పకుండా చిక్కు మాత్రం చెప్పుకుందాం. ఇంటర్న్ పిల్లలూ, మీరే మొదట అడగండి. సీనియర్లూ, అడిగినప్పుడు విసుక్కోకండి.