సేవకు వచ్చే తమ్ముళ్లూ, ముందు మా పల్లెలో కూర్చోండి!

(సెలవుల్లో గ్రామాలకు సేవా శిబిరాల కోసం బయల్దేరుతున్న కాలేజీ విద్యార్థులూ, బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తలూ, పెద్దలూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సేవ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సేవ అనే మాట మాకు కొత్తది కాదు. ఈ దేశంలో ఆ మాటని మాకంటే ఎక్కువ మోసినోళ్లు ఎవరున్నారు? ఊళ్లో చచ్చిన గొడ్డుని లాగినోళ్లం మేమే. డప్పు కొట్టి కబురు చెప్పినోళ్లం మేమే. కాలవల్లో పూడిక తీసినోళ్లం, కుప్పలు నూర్చినోళ్లం మేమే. తరతరాలు చేశాం. దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. దానికి వెట్టి అని పేరు పెట్టారు. చదువుకున్న పిల్లలు వారం రోజులు చీపురు పడితే సేవ అయింది. మా అమ్మలు ముప్పయ్యేళ్లు చీపురు పడితే అది కులం పని అయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేరే పట్టణాల నుంచి పారిశుధ్య కార్మికుల్ని లారీల్లో, బస్సుల్లో తెచ్చి బురద ఎత్తించారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరి బిడ్డలో ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇలా అన్నామని మిమ్మల్ని రావద్దంటున్నామని అనుకోకండి. రండి. కానీ ఎక్కడికొస్తున్నారో, ఎవరి కోసం వస్తున్నారో తెలుసుకుని రండి.

ఎన్.ఎస్.ఎస్. అంటారు కదా, జాతీయ సేవా పథకం. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 యూనివర్సిటీల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలుపెట్టారు. రెండేళ్లలో 240 గంటలు సేవ చెయ్యాలి. సెలవుల్లో ఒక ఊరిని దత్తత తీసుకుని ఏడు రోజులు శిబిరం పెట్టాలి. 'నేను కాదు, మీరు' అనేది వాళ్ల నినాదం. మంచి నినాదమే. మేం అడిగేది ఒక్కటే. ఆ 'మీరు' ఎవరు? ఊరంటే ఒకటే ఊరా? ఊరుంది, ఊరవతల పల్లె ఉంది. మీరు దత్తత తీసుకునేది దేన్ని?

మా దగ్గర జరిగిన సంగతి చెబుతాం. గుడివాడ వైపు ఒక ఊళ్లో ఒక కాలేజీ వాళ్లు శిబిరం పెట్టారు. ఊరి హైస్కూల్లో దిగారు. ఐదు రోజులు గుడి వీధి ఊడ్చారు, గోడలకు సున్నం కొట్టారు, పెద్ద రోడ్డు పక్కన మొక్కలు నాటారు. ఆరో రోజు బ్యానరు పట్టుకుని ఊరేగింపుగా మా పల్లెకొచ్చారు. పరిశుభ్రత గురించి చెప్పారు. ఒక అమ్మాయి చేతులు ఎలా కడుక్కోవాలో వేళ్ల సందులతో సహా చక్కగా చూపించింది. అంతా విన్నాక మా మామ్మ ఒకామె లేచి, 'అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే కడుక్కుంటా. ఆ పంపు తిప్పి ఒక బిందె నీళ్లు పట్టివ్వు తల్లీ' అంది.

పంపు తిప్పితే గాలి వచ్చింది. నీళ్లు రాలేదు. జనం నవ్వారు. ఆ అమ్మాయి తల దించుకుంది.

అక్కడితో అయిపోతే మేం ఈ కథ చెప్పకపోదుం. ఆ సాయంత్రం ఆ అమ్మాయే ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. బ్యానరు లేదు, ఫొటోలు లేవు. మామ్మ అరుగు మీద కూర్చుని, 'మామ్మా, మీకు నీళ్లు ఎన్నింటికొస్తాయి?' అని అడిగింది. మామ్మ ఇచ్చిన టీ తాగారు. మర్నాడు తెల్లారగట్ల ఒకరు ఊరి మొదటి పంపు దగ్గర, ఒకరు మధ్యలో, ఒకరు మా పల్లె చివరి పంపు దగ్గర నిలబడ్డారు. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి ఆగింది, ఎన్ని బిందెలు నిండాయి, అంతా కాగితం మీద రాశారు. ఊరి మొదటి పంపుకి నలభై నిమిషాలు. మా పల్లెకి పన్నెండు నిమిషాలు. అది కూడా సన్నధార.

ఇరవై ఏళ్లుగా 'మాకు నీళ్లు రావట్లేదు' అని మేం మొత్తుకుంటే 'అందరికీ అంతే' అనేవాళ్లు. ఆ కాగితం చూపిస్తే ఆ మాట అనలేకపోయారు. మేం దాన్ని అర్జీకి జత చేసి సోమవారాలు తిరిగాం. మొదటిసారి చూస్తామన్నారు, రెండోసారి ఫైలు కనపడలేదన్నారు. మూడోసారి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వచ్చి కూర్చున్నారు. చివరికి పల్లెకి వేరే వాల్వు పెట్టారు. ఇప్పుడు నీళ్లు దండిగా వస్తున్నాయని చెప్పం గానీ, వస్తున్నాయి. ఐదు రోజులు నాటిన మొక్కల్లో ఒక్కటీ మిగల్లేదు. ఒక్క పూట రాసిన కాగితం మిగిలింది.

ఈ రెండు పనులకీ తేడా ఎక్కడుంది? మొదటిది వాళ్లు అనుకుని వచ్చిన పని. రెండోది మమ్మల్ని అడిగి చేసిన పని. మేం చెప్పదలుచుకున్నది ఇంతే. ఏం పని చెయ్యాలో మేం చెబుతాం. మీ చేతులూ మీ చదువూ తోడివ్వండి.

దివిసీమ వాళ్లు ఇక్కడున్నారు. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు పేరెత్తితే ఈనాటికీ మన పెద్దోళ్ల కళ్లు చెమరుస్తాయి. కోతకొచ్చిన వరి మీదకి సముద్రం లేచింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి – ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోయాయి. చచ్చినోళ్లు పది వేలకు తక్కువ కాదు. ఉప్పెనకు కులం లేదంటారు. అబద్ధం! నీళ్లకు కులం లేకపోవచ్చు, మిద్దెకుంది. మిద్దె ఉన్నవాడు మిద్దె ఎక్కాడు. పల్లంలో తాటాకు గుడిసెలో ఉన్న కూలోడు ఏం ఎక్కుతాడు? సముద్రం ఒడ్డున వల తప్ప ఇంకేం లేని పల్లెకారు ఎక్కడికి పోతాడు?

ఆ తర్వాత రాష్ట్రం నలుమూలల నుంచి జనం వచ్చారు. కాలేజీ పిల్లలూ వచ్చారు. తుమ్మ కంపల్లో చిక్కుకున్న శవాల్ని, ఉబ్బిపోయిన గొడ్లని, ముక్కుకి గుడ్డ కట్టుకుని లాగి, కిరసనాయిలు పోసి కాల్చారు. ఎవరి శవమో, ఏ కులమో అడగలేదు. ఆ పిల్లలకు మేం ఈనాటికీ దణ్ణం పెడతాం. వాళ్ల సేవ వట్టిది అనేవాడు మనిషి కాడు.

అయితే శవాల దగ్గర లేని కులం, సాయం దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుంది. లారీ ఎక్కడ ఆగుతుంది? రోడ్డు మీద. రోడ్డు ఎవరి ఇంటి ముందుంది? పంట నష్టం ఎవరికిస్తారు? పట్టా ఉన్నవాడికి. ఆ పొలం దున్ని, నాటి, కలుపు తీసి, ఆ ఏడాది కూలి మొత్తం పోగొట్టుకున్నోడికి ఏ కాగితం ఉంది? శవాల్ని మోసిన పిల్లలు ఇంకో పది రోజులుండి, 'ఈ లిస్టులో పల్లె పేర్లేవి?' అని అడిగి ఉంటే! అడగాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లని తప్పు పట్టట్లేదు. ఈసారి మీకు చెబుతున్నాం.

ఇంకో సంగతి చూడండి. 1990 మే నెలలో మళ్లీ పెద్ద తుపాను మన తీరం మీదే పడింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. అదీ తక్కువ కాదు. కానీ పది వేలెక్కడ, వెయ్యెక్కడ? ముందే హెచ్చరిక వచ్చింది, లక్షమందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, తుపాను షెల్టర్లున్నాయి. ప్రాణాలు కాపాడింది దయ కాదు, ఏర్పాటు. పాత బట్టల మూట ఒక చలికాలం ఆగుతుంది. షెల్టరు ఒక తరం ఆగుతుంది. కాబట్టి దివిసీమకు పోయే తమ్ముళ్లు ముందు ఒక పని చెయ్యండి. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఊరి పెద్ద ఇంట్లో ఉంటే అర్ధరాత్రి పల్లె వాళ్లు పోయి అడగ్గలరా? నడవలేని ముసలాళ్లు, నిండు చూలాళ్లు ఎవరున్నారో ఇంటింటికీ తిరిగి రాయండి. ఆ లిస్టు పల్లెలోనే ఒకరి దగ్గర పెట్టండి.

సేవ చేసేవాళ్లకీ, చేయించుకునేవాళ్లకీ మధ్య ఈ తగువు ఈనాటిది కాదు. మన గుడివాడలోనే వందేళ్ల కిందట గూడూరు రామచంద్రరావు గారు సేవాశ్రమం నడిపారు. అంటరానితనం పోవాలని మనస్ఫూర్తిగా పనిచేసిన మనిషి. 1917 నవంబరులో బెజవాడలో మనవాళ్ల సభ జరగడానికి ఆయన కష్టపడ్డారు. ఆ సభకు పంచమ సభ అని పేరు పెట్టారు. హైదరాబాదు నుంచి అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఏమన్నారు? పంచములనే పేరు మాకొద్దు, మేం ఈ నేలకు మొదటి బిడ్డలం అన్నారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. చూశారా! పిలిచింది మంచివాడే, పందిరి వేసింది మంచి మనసుతోనే. కానీ పేరు పెట్టుకోవాల్సింది మేం. అలా పెట్టుకున్నాకే అది మా సభ అయింది.

సముద్రం అవతల సంగతి కూడా ఒకటి వినండి. అమెరికాలో మిసిసిపీ అనే రాష్ట్రం ఉంది. అక్కడ నల్లవాళ్లకు కాగితం మీద ఓటుంది. నమోదు చేయించుకోబోతే పని పోతుంది, ఇల్లు తగలబడుతుంది. 1961 నుంచే నల్ల యువకులు ఊరూరా తిరిగి తన్నులు తింటూ పనిచేస్తున్నారు. 1964 వేసవి సెలవుల్లో వాళ్లు పిలిస్తే వెయ్యిమంది దాకా కాలేజీ విద్యార్థులు వచ్చారు. ఎక్కువమంది తెల్లవాళ్లే. ఎక్కడ దిగారు? నల్లవాళ్ల ఇళ్లల్లో. వాళ్ల కంచంలోనే తిన్నారు. ఓటు నమోదు చేయించారు, బడులు పెట్టి హక్కులు చెప్పారు. జూన్ 21 రాత్రి ముగ్గుర్ని చంపేశారు. జేమ్స్ చేనీ అక్కడి నల్ల బిడ్డ. ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ న్యూయార్క్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు. వాళ్ల కోసం ఏళ్లూ వాగులూ గాలిస్తుంటే అంతకుముందు చంపి పారేసిన నల్లవాళ్ల శవాలు దొరికాయి. వాళ్ల కోసం అప్పటిదాకా ఎవరూ గాలించలేదు! మర్నాటి ఏడాది, 1965లో, ఓటు హక్కుల చట్టం వచ్చింది. సెలవుల్లో వచ్చిన పిల్లలు తెచ్చింది కాదది, అక్కడి జనం పోరాడి తెచ్చుకున్నది. పిల్లలు వాళ్ల పక్కన నిలబడ్డారు. సేవంటే అలా నిలబడటం.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా ఊళ్లకొస్తే ఇవి చెయ్యండి. పల్లెలో పడుకోండి, పల్లెలో తినండి. ఊరివాళ్లు అదోలా చూస్తే చూడనివ్వండి. ఆ చూపు ఏడు రోజులు మీ మీద పడితే మా బతుకు కొంచెం అర్థమవుతుంది. వేసవిలో వస్తే, కాలవలు కట్టేసే లోపు మంచినీళ్ల చెరువు నిండిందో లేదో చూడండి. శ్మశానానికి దారి ఉందో, వానల్లో మోకాలి లోతు బురదలో శవాన్ని మోస్తున్నారో చూడండి. పదో తరగతి అయిన మా పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గరుండి చేయించండి. అర్జీ రాయడం, సమాచార హక్కు కింద అడగడం మా పిల్లలకు నేర్పండి. మీరే రాసిచ్చి పోకండి. మీరు వెళ్లాక కూడా రాసేవాడు పల్లెలో ఉండాలి. వెళ్లాక మర్చిపోకండి. అర్జీ ఏమైందో కనుక్కోడానికి ఒకసారి రండి.

ఇంక మన మాట. ఇది కాలేజీ వాళ్లకు కాదు, మనకి. హాస్టల్లో చదివి కాలేజీకెళ్లిన మన బిడ్డలు సెలవులకొచ్చి ఏం చేస్తున్నారు? సంక్రాంతికొస్తే కోడిపందేల బరి దగ్గర ఉంటున్నారు. పక్కింటి చిన్నోడికి ఎక్కాలు చెప్పే తీరిక లేదు. పైవాళ్ల పిల్లలు వచ్చి మన పల్లెలో బడి పెట్టాలని ఎదురుచూడటం సిగ్గు కాదా? ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తాం. ఆ మర్నాటి నుంచి బళ్లు తెరిచేదాకా విగ్రహం దగ్గరే లైటు కింద రాత్రి బడి పెడితే ఆ దండకు అర్థముంటుంది.

ఇంకో చేదు మాట. మాలపల్లెకొచ్చిన పంపు మాదిగగూడెం దాకా పోయిందా? కాలవ గట్టు మీద యానాది గుడిసెల దాకా పోయిందా? ఊరు మనల్ని చివర నిలబెట్టిందని కోపం మనకి. మన వెనక ఎవర్ని నిలబెట్టామో తిరిగి చూసుకుందాం. శిబిరం వాళ్లొస్తే వాళ్లని మన గడప దగ్గరే ఆపకండి. చివరి గుడిసె దాకా తీసుకుపోండి.

మా మామ్మ ఇప్పుడు లేదు. పోయేముందు ఆ అమ్మాయిని తల్చుకుని ఒక మాట అంది. 'చేతులు కడుక్కోమని చెప్పిపోయినోళ్లు శానామంది. నీళ్లేయని నాతో కలిసి అడిగింది ఆ పిల్లొకత్తే' అని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మాతో కలిసి అడగండి. జై భీమ్!