ముందుగాల పరీక్ష సర్కారుకు పెట్టాలె



పదో తరగతి పాస్ కావాల్నంటే కంప్యూటర్ వచ్చి ఉండాలె అనే మాట వినడానికి మంచిగనే ఉంటది. కానీ ఆ మాటను మాదాపూర్ గడ్డ మీద నిలబడి ఆలోచిద్దామని మేం అంటున్నం.

1998 నవంబర్ 22 నాడు అప్పటి ప్రధాని వాజపేయి ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభించిండు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఊర్లన్నీ కలిసి ఐటీ కారిడార్ అయినయి. ఈ అద్దాల మేడల్ల కోడ్ రాసేటోళ్లున్నరు. గేటు కాడ సెక్యూరిటీ డ్రెస్సుల నిలబడేటోళ్లు, ఫ్లోర్లు తుడిచేటోళ్లు గూడ ఉన్నరు. గేటు కాడోళ్ల పిల్లలకు సర్కారు బడే దిక్కు.

ఆ బడిల కంప్యూటర్ సంగతేంది? 2008ల ఉమ్మడి రాష్ట్ర సర్కారు 5,000 హైస్కూళ్లల్ల కంప్యూటర్ చదువు పెట్టింది. మెషీన్లు, నేర్పేటోళ్లు అంతా ప్రైవేటు ఏజెన్సీలకే ఐదేండ్ల కాంట్రాక్టు. 2013ల గడువు తీరింది, నేర్పేటోళ్లు ఇంటిబాట పట్టిండ్రు. చెప్పే సారు లేని ల్యాబుకు తాళమే గతి.

ఇట్లెందుకైంది? పది పబ్లిక్ పరీక్షల కంప్యూటర్ పేపరు లేదు. పేపరు లేని సబ్జెక్టుకు పోస్టుండదు, పీరియడ్ నిలవదు. డ్రిల్లు పీరియడ్ లెక్కల సారు తీసుకుంటుంటే చూస్తలేమా?

కేరళ వేరే తొవ్వ పట్టింది. 2001ల ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి టీచర్లకు నేర్పిండ్రు, ల్యాబులు పెట్టిండ్రు. 2005 నుంచి పదిల ఐటీ తప్పనిసరి చేసిండ్రు. లైసెన్సు పైసలు కట్టే పనిలేని ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడిండ్రు. పిల్లలను మెషీన్ ముందట కూసోబెట్టి పరీక్ష పెడ్తరు.

ఈ వరస తలకిందులైతే ఏమైతది? ల్యాబు లేకుంట పరీక్ష పెడితే ఇంట్ల కంప్యూటర్ ఉన్న పిలగాడు గట్టెక్కుతడు. ఆదిలాబాద్ గూడెం పిల్ల, పాలమూరు వలస కూలీ బిడ్డ పదిలనే ఆగిపోతరు. అసలే ఇంగ్లీషు, లెక్కలు వడపోస్తున్నయి. ఇంకో జల్లెడ మాకొద్దు.

2014 జూన్ 2 నుంచి రాష్ట్రం మనది, అడగవలసింది మన సర్కారునే. ప్రతి హైస్కూలుకు రెగ్యులర్ కంప్యూటర్ టీచర్ పోస్టు ఇయ్యాలె. కరెంటు బిల్లు, రిపేరు ఖర్చు బడ్జెట్ల పెట్టాలె. తెలుగుల, ఉర్దూల పాఠం ఉండాలె. ఆరో తరగతి నుంచి అట్ల నేర్చుకున్న పిల్లలు పదికొచ్చిన ఏడు పరీక్ష పెట్టుండ్రి, మేమే ముందుండి రాపిస్తం. అప్పటిదాక పాసా, ఫెయిలా అని తేలవలసింది సర్కారే.