ధైర్యమునకు దక్షిణ యేమి?



యుద్ధరంగమున ధైర్యము చూపినవానికి పతకమిచ్చుట ప్రాచీనాచారము. కలమొక్కటియే యాయుధముగా నిలిచినవానిని సత్కరించుట యిటీవలి యాచారము. ఈ రెండవదానిని గూర్చి కొంత ముచ్చటింప దలచితిని.

లోకమున నిట్టి పురస్కారములు పెక్కు గలవు. కొలంబియా దేశమున గిల్యెర్మో కానో యను సంపాదకుడు మత్తుమందుల వర్తకుల యక్రమములను వెల్లడించి, 1986 డిసెంబరు 17వ తేదీన తన పత్రికా కార్యాలయము చెంతనే హతుడయ్యెను. యునెస్కో వారు 1997లో ఆయన పేర నొక పురస్కారమును నెలకొల్పిరి. 2021లో నోబెల్ శాంతి బహుమానము ఫిలిప్పీన్సు దేశపు మరియా రెస్సాకును, రష్యా దేశపు ద్మిత్రీ మురతోవునకును కలిసి లభించెను. ఆ నాటికి రెస్సా తన దేశమున వ్యాజ్యముల నెదుర్కొనుచునే యుండెను. కావున పురస్కారము కవచము కాదు. ఆపదలో నున్నవానిపై లోకము దృష్టి నిలుపునట్లు చేయుట దాని పని.

మన జిల్లాకును ఈ కథలో పాలు గలదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలున జన్మించిరి. బెజవాడలో ‘స్వరాజ్య’ వారపత్రికను నడపుచు, 1908లో తిరునెల్వేలి కాల్పుల సందర్భమున దొరతనమువారిని నిందించిన వ్యాసమునకై రాజద్రోహ నేరమున మూడేండ్ల కారాగారశిక్ష ననుభవించిరి. ఆనాడు కలమునకు లభించిన సత్కారమదియే.

మన కాలమున పాలగుమ్మి సాయినాథ్‌గారు గలరు. 1957లో మదరాసున జన్మించిన యీ తెలుగువారు, పల్లెటి పేదల దుఃఖమును దేశమునకు ఎఱిగించినందులకు 2007లో రామన్ మెగసెసే పురస్కారమును పొందిరి. వారు వ్రాసినది మనకు దూరపు సంగతి కాదు. వానలు తప్పిన యేట ఆదవాని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతముల కుటుంబములు మిరపకోతలకు గుంటూరు సీమకును, కూలిపనులకు బెంగుళూరునకును తరలిపోవును. దీనిని మనవారు ‘సుగ్గి’కి పోవుట యందురు. సుగ్గి యనగా కన్నడమున పంటకోతల కాలము. పంట లేనివాడు పరుల పంటను వెదకుకొని పోవుటకు ఆ పేరే నిలిచినది! ఊరిలో తాళము వేసిన యిండ్లును, ముసలివారును మిగులుదురు. బడిపంతులనైన నాకు హాజరుపట్టీలోని ఖాళీలే యీ వార్తను ముందుగా తెలుపుచుండెడివి. అట్టి వార్తకు పెద్ద పత్రికలో చోటు దొరకుట దుర్లభము. దొరకునట్లు చేసినవాడు సన్మానార్హుడు.

అయినను సాయినాథ్‌గారు అన్ని సన్మానములను స్వీకరింపలేదు. 2009లో పద్మభూషణమును, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారి పురస్కారమును వలదనిరి. తాను విమర్శింపవలసిన ప్రభుత్వము చేతినుండి పత్రికారచయిత బహుమానము గైకొనరాదని వారి మతము. ఇది యహంకారమని కొందఱందురు. నాకట్లు తోచదు. పరీక్షాధికారి విద్యార్థి తండ్రి యింట విందు గుడిచెనేని, మార్కులు న్యాయముగనే వేసినను, వానిని నమ్మువారెవరు? తక్కిన విద్యార్థులు గూడ నష్టపోవుదురు. పత్రికారచయితకు మూలధనము పాఠకుల నమ్మకమే. దానిని తఱుగజేయు శాలువ యెంత జరీదైనను బరువే.

మఱి బహుమానములు మనకేల యందురా? గొప్ప పురస్కారములు లోకమున కొలదిమందికే యందును. ఆదవాని ప్రత్తిమార్కెట్టులో తూనిక తగ్గెనని వ్రాయ దలచిన విలేఖరికి అవి యందవు. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకారసంఘమును స్థాపించిన యెమ్మిగనూరులో మగ్గమేల నిలిచెనని యడుగువానికిని అందవు. వానికి వలసినది వేఱు. “అవును, ఇది జరిగినది, నా పేరు వ్రాసికొనుము” అని చెప్పు రైతొకడు, నేతగాడొకడు వలెను. అచ్చైన పిదప ఆ మాటపై నిలుచువాడు వలెను. వ్రాసినవానిపై నెవరైన కన్నెఱ్ఱ జేసిన దినమున, ఊరివారు వాని యింటి యరుగుమీద వచ్చి కూర్చుండవలెను.

ధైర్యమునకు పతకము దూరదేశమునుండి రావచ్చును. సాక్ష్యము మాత్రము ఊరిలోనే పుట్టవలెను. దానినిచ్చు భారము మనది.