విలువలు – నడవడి : దూబగుంట చెప్పిన పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



విలువ యను మాట సంతలో తరచుగా వినబడును. ఎద్దునకు విలువ, వడ్లకు విలువ, నేలకు విలువ కట్టుట యందరు నెరిగినదే. మనుష్యుని నడవడికి మూలమైన విలువ మాత్రము వేరు. ఎంత ధర పలికినను దేనిని అతడు అమ్మజాలడో అదియే అతని విలువ. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్ట రైతునకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వానలు తప్పిన యేట గాదె అడుగంటినను విత్తనపు గింజ ముట్టని యిండ్లు మెట్టసీమలో నుండును. ఒకవైపు నేటి ఆకలి, ఒకవైపు రేపటి పంట నిలిచినప్పుడు తీర్పు చెప్పునది ఆ యింటివారు దేనిని పెద్దగా నెంచిరో అది.

ఇట్టి విలువలు మనుష్యునికి మూడు చోట్లనుండి చేరును. మొదటిది అతని స్వంత మనస్సు. రెండవది ఇల్లు, కులము, ఊరు నేర్పిన ఆచారము. మూడవది అతడు చేరియున్న సంస్థ. అది కచేరి కావచ్చును, సహకార సంఘము కావచ్చును, గ్రంథాలయము కావచ్చును. మూడును ఒకే దిక్కు చూపినచో బ్రతుకు సుళువుగా సాగును. మూడును మూడు దిక్కులు చూపిన నాడే మనుష్యునికి పరీక్ష. అట్టి పరీక్ష యొకటి ఈ ప్రాంతముననే జరిగి, రాష్ట్రమంతటికిని పాఠమైనది.

ఉదయగిరి శాసనసభా నియోజకవర్గములోని కలిగిరి మండలమున దూబగుంట యను పల్లె యున్నది. 1990 దశకపు ఆరంభమున అక్కడివారిలో కూలిచేసి బ్రతుకువారే హెచ్చు. మగవాని కూలిలో పెద్దభాగము సారా దుకాణమునకు పోయెడిది. ఆడుది తెచ్చిన కూలితో పొయ్యి వెలుగవలసియుండెను. ఆ డబ్బుకొరకును ఇంట తన్నులు, తిట్లు తప్పెడివి కావు. ఈ కష్టము ఊరందరికిని తెలిసినదే. కాని ఇంటిగుట్టు రచ్చకెక్కరాదు, మగని తప్పు ఆలు కడుపులో దాచుకొనవలెను అని తల్లులు కూతుళ్లకు నేర్పియుండిరి. ఆ ఓర్పును తేలికగా కొట్టివేయరాదు. అది యెన్నో సంసారములను నిలిపినది. అయితే ఆ ఓర్పు నీడననే సారా దుకాణమును వర్ధిల్లినది.

ఇక ప్రభుత్వము సంగతి. ఏటేట దుకాణములను వేలము వేసి ఆదాయము రాబట్టుట దాని పనులలో నొకటి. 1970–71లో 39 కోట్ల రూపాయలుగా నున్న అబ్కారీ ఆదాయము 1991–92 నాటికి 812 కోట్లకు పెరిగెను. 1980 దశకమున ‘వారుణి వాహిని’ పేర సారా పొట్లములలో మారుమూల పల్లెలకును చేరెను. మరియొక పని నిరక్షరాస్యతను తొలగించుట. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపము’ వెలిగించబడెను. వయోజనులకు రాత్రి బడులు పెట్టిరి. స్వచ్ఛంద కార్యకర్తలు పలకలు, వాచకములు పట్టుకొని యూరూర తిరిగిరి. ఈ విధముగా ఒకే ప్రభుత్వము ఒక చేత పలక నిచ్చుచు, రెండవ చేత దుకాణమును వేలము వేయుచుండెను.

ఒక సంస్థ విలువ యేదో తెలియవలెనన్న దాని గోడమీది సూక్తులు చదివి ప్రయోజనము లేదు. అది నెలనెల దేనిని లెక్కించుచున్నదో చూడవలెను. అబ్కారీ శాఖ రూపాయలను లెక్కించెను, రూపాయలు పెరిగెను. అక్షర దీపము చదువరులను లెక్కించెను, చదువరులు పెరిగిరి. చదివినవారు ఆలోచింతురన్న సంగతి మాత్రము ఏ లెక్కలోను ముందుగా చేరలేదు.

రాత్రి బడిలో సారా సమస్యను గూర్చిన ‘సీతమ్మ కథ’ యను పాఠముండెను. దానిని కూడబలుకుకొని చదివిన స్త్రీలకు ఒక సంగతి తెలిసినది. ఎవరికివారు తమ తలవ్రాత యనుకొన్నది అన్ని యిండ్లలోను ఒకే విధముగా వ్రాయబడియున్నది! గుట్టుగా దాచుకొన్నది అందరి గుట్టును ఒకటే యైనప్పుడు అది గుట్టు కాదు, ఊరి సమస్య.

అటుపిమ్మట జరిగినది తరువాతి వాచకములో ‘ఆడవాళ్లు ఏకమైతే’ యను పాఠముగా, ఆ స్త్రీలే చెప్పినట్లు, అచ్చుపడినది. వారు గుంపుగా పోయి ఊరికి వచ్చు కల్లు బండి నాపిరి. కల్లు పారబోయుమనిరి. అంతటితో ఊరకుండక, బండివానికి కలుగు నష్టమునకై తలకొక రూపాయి యిత్తుమనిరి. ఆ రూపాయి విలువను తూచి చూడవలెను. కూలినాలి చేసుకొను స్త్రీకి అది చిన్న మొత్తము కాదు. తమ బిడ్డల కూడు పోగొట్టిన సరుకునే పారబోయించుచు, ఆ సరుకు తెచ్చినవానికిని బిడ్డలుందురని వారు మరువలేదు. కోపమును ధర్మము పట్టి నడిపించుట యనగా నిదియే. తరువాత సారా తెచ్చిన జీపును వెనుకకు మరల్చిరి.

ఈ ఉద్యమమునకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారు ‘దూబగుంట రోశమ్మ’గా ప్రసిద్ధి కెక్కిరి. 2016లో ఆమె కన్నుమూసిరి. ఆమె పదవిగాని ధనముగాని పెట్టుబడిగా దిగలేదు. ఇట్టివారు ఊరికొకరు నిలువగా, 1992లో ఉద్యమము జిల్లా అంతట వ్యాపించెను. స్త్రీలు సారా వేలముల నడ్డగించిరి. నెల్లూరులో వేలములు పలుమార్లు వాయిదాపడెను. పత్రికలు ఈ వార్తలను మోసికొని పోయెను. తుదకు 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆ స్త్రీలు తమ సంప్రదాయమును త్రోసివేయలేదు. సంసారము నిలుపుట స్త్రీ ధర్మమని నిన్న వారు మౌనముగా నుండిరి. అదే ధర్మమును పట్టుకొని నేడు వీధిలోనికి వచ్చిరి. విలువ అదియే, దాని యర్థము మాత్రము చదువుచేత, కూడి మాటలాడుకొనుటచేత విశాలమైనది. సంస్కారమనగా పాతదానిని పారవేయుట యనుకొనువారు ఈ సంగతి తలపోయవలెను.

కథ అంతటితో సుఖాంతమైనదని చెప్పుట సత్యము కాదు. ఖజానాలోటు ప్రభుత్వమును పీడించెను. 1997లో సంపూర్ణ నిషేధము సడలింపబడెను. నేటికిని మద్యము ప్రభుత్వ ఆదాయమునకు ముఖ్యాధారములలో నొకటి. ఉద్యమము చట్టమును మార్చెను. కచేరీ లెక్కల పుస్తకమును మాత్రము మార్చలేకపోయెను. వ్యక్తి ధైర్యము దీపమువంటిది. ఊరి సమ్మతి దానికి ప్రమిద. సంస్థ దినదినము నూనె పోయకున్నచో రెండును వృథా యగును.

ఇది గ్రంథాలయమునకు దూరపు మాట కాదు. గ్రంథాలయ చట్టము 1960లో వచ్చినది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది. చదువు ఊరి ఉమ్మడి యవసరమని ప్రజలు తమ పన్నుమీదనే వ్రాసికొనిరన్నమాట. కనుక ఇరువదియైదేండ్లు గడచిన సంస్థ తన్ను తాను అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఇచ్చట లెక్కించునది బీరువాలోని పుస్తకములనా, చేతులు మారిన పుస్తకములనా? తలుపు తెరచు వేళ ఉద్యోగికి అనుకూలమా, పొలమునుండి వచ్చు కూలివానికి అనుకూలమా? స్త్రీలు వచ్చి కూర్చుండి చదువుటకు చోటు కలదా? పత్రిక చదివినవారు చదివి మడిచిపెట్టుదురా, నలుగురితో చర్చింతురా? వీనికి చందాదారులు ఇచ్చు జవాబే ఈ గ్రంథాలయము విలువ.

దూబగుంట స్త్రీలు చదివినది పెద్ద గ్రంథము కాదు, ఒక వాచకములోని చిన్న పాఠము. వారు దానిని తమ బ్రతుకుతో పోల్చి చదివిరి. పదిమందితో కూడి చదివిరి. చదివినదానికొరకు రూపాయి ఖర్చునకును సిద్ధపడిరి. అట్టి చదువరులు ఈ గ్రంథాలయమున నానాటికి వృద్ధి పొందుదురు గాక!

స్వస్తి.